శాతం దేని మీద?
(కొమరోలులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం సభ్యుల పొదుపు. పొదుపు చేయండి అని చెప్పడానికి ఇన్‌స్పెక్టరు అక్కరలేదు. మాకంటే బాగా పొదుపు చేసే ఆడవాళ్లు మీ ఇళ్లలోనే ఉన్నారు. కనుక ఆ మాట పక్కన పెట్టి, గత నెల ఒక సంఘం తనిఖీకి వెళ్లినప్పుడు ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాము. ఆనాడు ఆమెకు సరిగా చెప్పలేకపోయాము.

ఆమెకు అరవై ఒక్క ఏళ్లు. రెండు బర్రెలున్నాయి. ఒకటి పాలిస్తున్నది, ఒకటి చూడితో ఉన్నది. మోకాళ్లు పట్టుకుపోయి వంగి పాలు పిండడం కష్టంగా ఉన్నది. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అతను ఫోనులో చెప్పాడట: "ఒక బర్రెను అమ్మెయ్యమ్మా. ఎనభై వేలు వస్తాయి. షేర్లలో పెడదాం. కంపెనీలు డివిడెండు ఇస్తాయి, నువ్వు కూర్చుని తినొచ్చు" అని. ఆమె మమ్మల్ని అడిగింది: "అయ్యా, మీరు లెక్కలు చూసేవాళ్లు గదా. కూర్చుంటే డబ్బులొస్తాయంట, నిజమేనా? నెలకెంతొస్తాది?"

మంచి కంపెనీలైతే బాగానే వస్తుందమ్మా అని ఏదో అని వచ్చేశాము. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసుకున్న తర్వాత మాకే సిగ్గు వేసింది. ముప్పై ఏళ్లుగా ఇతరుల లెక్కలు తనిఖీ చేసేవాళ్లం, ఒక ముసలామె ఎనభై వేల రూపాయల ప్రశ్నకు లెక్క లేకుండా జవాబు చెప్పాము. ఆ లెక్క ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

అంతకుముందు ఒక మాట. షేర్లంటే మనకు తెలియని పట్నపు వ్యవహారం అని చాలామంది అనుకుంటారు. కానీ సంఘంలో సభ్యత్వం తీసుకున్న ప్రతివారూ వాటాదారులే. చేరిన రోజున కట్టిన వాటా ధనమే షేరు. సంఘానికి లాభం వస్తే, చట్టం చెప్పిన భాగం ముందు నిల్వ నిధికి పోతుంది. ఆ తర్వాత మీ వాటా మీద ఇచ్చేది డివిడెండు. మీరు ఏడాది పొడవునా పోసిన పాలను బట్టి ఇచ్చేది బోనసు. ఈ రెండూ వేరు. చాలా సంఘాలలో సభ్యులు రెండింటినీ కలిపి బోనసు అనే అంటారు. కొందరు కార్యదర్శులు కూడా అలాగే అంటారు, అది మంచిది కాదు.

తేడా ఎందుకు పట్టించుకోవాలి? డివిడెండు పెట్టుబడికి ప్రతిఫలం. బోనసు పనికి ప్రతిఫలం. 1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది నేతపనివారు, ఇతర శ్రామికులు తలా ఒక పౌను చొప్పున చందా కూడబెట్టి దుకాణం పెట్టుకున్నారు. డిప్లొమా చదువుకునే రోజుల్లో మాకు మొదటి పాఠం అదే. వారు పెట్టుబడి మీద పరిమితమైన వడ్డీ మాత్రమే ఇచ్చి, మిగిలిన లాభాన్ని ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్ని బట్టి పంచారు. మన బోనసుకు మూలం ఆ పద్ధతే. అందువల్లనే మన సంఘంలో ఇరవై వాటాలుండి పాలు పోయని పెద్దమనిషి కంటే, ఒకే వాటాతో పూటకు ఆరు లీటర్లు పోసే ఒంటరి ఆడమనిషికి ఎక్కువ డబ్బు చేరుతుంది. 2000లో మొదలైన ముల్కనూరు మహిళా సహకార డెయిరీ ఈ పద్ధతిలోనే నడిచి పేరు తెచ్చుకున్నది. 2014లో తిరుపతి కేంద్రంగా వచ్చిన శ్రీజ పేరుకు కంపెనీయే గాని, అక్కడ కూడా పాలు పోసే మహిళలే వాటాదారులు.

బజారు కంపెనీ సంగతి అలా కాదు. హెరిటేజ్ 1992లో, దొడ్ల 1995లో మన తెలుగు గడ్డ మీద పుట్టిన డెయిరీలే. రెండూ స్టాకు ఎక్స్ఛేంజీకి ఎక్కినవి. అక్కడ పాలు పోసే రైతు వేరు, వాటాదారు వేరు. ముంబయిలో కూర్చున్న మనిషి కూడా వాటా కొనవచ్చు, రేపు అమ్ముకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, అది వేరే ఏర్పాటు. అయితే ఆ ఏర్పాటులో మన అలవాటు లెక్క పనికిరాదు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

మన సంఘం వాటా వంద రూపాయలైతే, కొన్నది వందకే, వదిలి వెళ్లినా వచ్చేది వందే. దాని మీద 8 శాతం డివిడెండు అంటే నిజంగా మీరు పెట్టిన వందకు ఎనిమిది. కంపెనీ వాటాకు రెండు విలువలుంటాయి. కాగితం మీది ముఖ విలువ ఒకటి, బజారు ధర ఒకటి. డివిడెండు శాతం ముఖ విలువ మీద చెబుతారు. ముఖ విలువ 2 రూపాయలు, బజారు ధర 800 ఉన్న వాటా ఒకటి అనుకోండి. "400 శాతం డివిడెండు" అని పేపర్లో పడుతుంది. నాలుగు వందల శాతం! చదివినవాడికి కళ్లు తిరుగుతాయి. కానీ రెండు రూపాయలకు 400 శాతమంటే ఎనిమిది రూపాయలు. మీరు పెట్టింది 800. నూటికి ఒక్క రూపాయి.

మనకిది కొత్త విషయం కాదు. పాల కేంద్రంలో ఒకరికి వెన్న 8 శాతం వచ్చిందంటే పక్కవారు వెంటనే "ఎన్ని లీటర్లకు?" అని అడుగుతారు. అరలీటరుకు 8 వచ్చినా చేతికొచ్చేది ఎంత? వాటాల విషయంలో కూడా అదే నోటితో అడగండి: శాతం దేని మీద?

ఇప్పుడు ఆమె లెక్క. దేశంలోని పెద్ద కంపెనీలు యాభైని కలిపి నిఫ్టీ అంటారు. ఇటీవలి సంవత్సరాలలో వాటి డివిడెండు బజారు ధర మీద చూస్తే సుమారుగా నూటికి ఒకటి, ఒకటిన్నర మధ్య ఉంటున్నది. ఒకటిన్నరే వేసుకుందాం. ఎనభై వేలకు ఏడాదికి 1,200. నెలకు వంద రూపాయలు. కొన్ని కంపెనీలు ధర మీద నూటికి అయిదు కూడా ఇచ్చిన సంవత్సరాలున్నాయి. అలాంటివే ఏరి కొన్నా ఏడాదికి 4,000, నెలకు 333. నెలకు వెయ్యి రూపాయలు కావాలంటే, నూటికి మూడు చొప్పున నాలుగు లక్షలు పెట్టాలి. ఫోనులో కొడుకు ఈ లెక్క చెప్పలేదు. అతనికి తెలియక కావచ్చు. తల్లి సుఖపడాలనే అతని కోరిక.

బర్రె ఏమిస్తుంది? ఇంటింటికీ తేడా ఉంటుంది, ఒక నమూనా వేస్తాము. ఈతకు 240 రోజులు, సగటున అయిదు లీటర్లు, మొత్తం 1,200 లీటర్లు. లీటరు యాభై చొప్పున అరవై వేలు. దాణా, చొప్ప, మందులు, ఒట్టిపోయిన నెలల మేత కలిపి నలభై రెండు వేలు తీసేస్తే మిగులు 18,000. నెలకు పదిహేను వందలు. వంద ఎక్కడ, పదిహేను వందలు ఎక్కడ, బర్రెను అమ్మవద్దు అని చెప్పి కూర్చుందామనుకున్నాము.

కానీ లెక్క అంతటితో ఆగదు. రోజుకు రెండు గంటల చాకిరీ అనుకున్నా ఏడాదికి 730 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే తొంభై ఒక్క రోజులు. పద్దెనిమిది వేలను తొంభై ఒకటితో భాగిస్తే రోజుకు రెండు వందలు కూడా పడలేదు. అంటే మన బర్రె ఇచ్చేది లాభం కాదు, కూలీ. అది కూడా తక్కువ కూలీ. కంపెనీ వాటా ఇచ్చేది అద్దె వంటిది. ఆమె మోకాళ్లు కూలీ పని మాని అద్దె వెతుక్కోమంటున్నాయి. ఆ కోరికను తేలిగ్గా తీసివేయరాదు. ఏ అద్దె అన్నదే ప్రశ్న.

అరవై దాటినవారికి పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకం ఉన్నది. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతం చేశారు. మూడు నెలలకొకసారి ప్రభుత్వం రేటు ప్రకటిస్తుంది కనుక పెట్టే రోజున అడిగి తెలుసుకోవాలి. పెట్టిన రోజున్న రేటు అయిదేళ్లు మారదు. 8.2 ప్రకారం ఎనభై వేలకు ఏడాదికి 6,560. మూడు నెలలకొకసారి 1,640 రూపాయలు ఖాతాలో పడతాయి. అసలు అసలుగానే ఉంటుంది. ఆమె వయసుకు, ఆమె అవసరానికి ఇదే తగినదని మా అభిప్రాయం.

మరి షేర్లు వద్దంటారా అని మీలో చదువుకున్న పిల్లలు అడుగుతారు. అలా అనము. వడ్డీకి ఒక లోపమున్నది. ఈ రోజు 1,640, నాలుగేళ్ల తర్వాత కూడా 1,640. ఈలోగా దాణా బస్తా ధర ఊరుకోదు. మంచి కంపెనీ డివిడెండు ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే అవకాశమున్నది, వాటా విలువ కూడా పెరగవచ్చు. పెరగవచ్చు అన్నాము, పెరుగుతుంది అనలేదు. మన దేశ కంపెనీ చట్టంలో ఏటా డివిడెండు ఇచ్చి తీరాలని లేదు. లాభం లేని ఏడు మానివేయవచ్చు, లాభమున్నా వ్యాపారంలోనే ఉంచుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాము. 2010లో ప్రభుత్వ సంస్థ కోల్ ఇండియా వాటా 245 రూపాయల ధరకు ప్రజలకు ఇచ్చారు. డివిడెండు బాగా ఇచ్చే కంపెనీ అని పేరు. ఇచ్చింది కూడా. అయినా పదేళ్ల తర్వాత, 2020 అక్టోబరులో దాని ధర 125 రూపాయల లోపు ఉన్నది. ఆ నెలలో ఎవరి ఇంట్లోనైనా ఆపరేషనో పెళ్లో వచ్చి అమ్ముకోవలసి వస్తే అసలులో సగం పోయినట్టే. ఓపిక పట్టగలిగినవారికి 2024 నాటికి ధర 400 దాటింది. కంపెనీ ఒకటే, వాటా ఒకటే. ఒకడికి నష్టం, ఒకడికి లాభం రావడానికి కారణం ఎవరి అవసరం ఎప్పుడు వచ్చిందన్నదే. మన పడమటి ప్రాంతంలో వానలు తప్పిన ఏడు బర్రెలను అయినకాడికి అమ్ముకున్నవారు ఈ సభలోనే ఉన్నారు. అవసరం ధర అడగదని వారికి మేము చెప్పనక్కరలేదు.

ఇంకొక కిటుకు. డివిడెండు ప్రకటించారని విని, ఆ డబ్బు కోసం గడువు తేదీకి ఒకరోజు ముందు వాటా కొనేవారున్నారు. డివిడెండు హక్కు తేదీ దాటగానే సుమారుగా అంత మేర ధర తగ్గుతుంది. సంతకు తెచ్చే బర్రెను ముందు పూట పిండకుండా పొదుగు నింపి తెస్తారు చూడండి, ఇదీ అంతే. నిండు పొదుగుకు ధర ఇచ్చి కొన్నావు, ఆ పాలు నీవే పిండుకున్నావు. నీకు ఊరికే వచ్చిందేమున్నది?

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇచ్చే డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదని అడగడం. కంభం చెరువు తూము తీస్తే నీళ్లు వస్తాయి. అవి ఈ ఏటి వాననీళ్లా, చెరువు అడుగు నీళ్లా అన్నది కాలువ దగ్గర నిలబడ్డవాడికి తెలియదు, కట్ట ఎక్కి చూడాలి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1995లో, ఎక్కడ చూసినా కొత్త కంపెనీల దరఖాస్తు ఫారాలే. టీ బంకుల దగ్గర కూడా పంచేవారు. మేము కూడా ఒక కంపెనీలో పది రూపాయల వాటాలు మూడు వందలు తీసుకున్నాము. ఒక నెల జీతానికి పైమాటే. మొదటి ఏడు 15 శాతం డివిడెండు వచ్చింది, 450 రూపాయల వారంటు. ఆఫీసులో నలుగురికీ చూపించాము. ఇంటికి కొత్త రేడియో కొన్నాము. రెండవ ఏడు ఏమీ రాలేదు. మూడవ ఏడు రాసిన ఉత్తరం చిరునామాదారు లేరని తిరిగి వచ్చింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ కట్టనే లేదని తర్వాత తెలిసింది. అంటే ఆ 450 రూపాయలు మా మూడు వేలలోవే. మా డబ్బే మాకు ఇచ్చి, అది లాభమని పేరు పెట్టారు. సహకార లెక్కలు చదివి పాసైనవాళ్లం, ఆ కంపెనీ లెక్కల పుస్తకం మాత్రం తెరిచి చూడలేదు. ఆ వాటా పత్రాలు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉన్నాయి, రేడియో ఎప్పుడో పోయింది.

సంఘాలలో కూడా ఇది జరగదని అనుకోవద్దు. ఒకచోట దాణా బాకీల మీద రాని వడ్డీని వచ్చినట్టు రాసి, లాభం చూపి, డివిడెండు పంచారు. చేతిలో నగదు లేక సభ్యుల పాల డబ్బులోంచే పంచారు. తర్వాత రెండు పక్షాల పాల బిల్లులు ఆగిపోయాయి.

పెద్దవారి సంగతీ అంతే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ ఏళ్ల తరబడి డివిడెండు ఇచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని దాని అధ్యక్షులే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులోనే వాటా ధర మూడు వంతులకు పైగా పడిపోయింది. ఉన్నదంతా ఒకే కంపెనీలో పెట్టినవారి గతి ఏమై ఉంటుందో ఊహించుకోండి. ఇక అగ్రిగోల్డు పేరు ఎత్తితే ఈ సభలో కొందరి ముఖాలు మారతాయని తెలుసు. అది షేరు కాదు, ఊరి ఏజెంటు నమ్మకం మీద కట్టిన డబ్బు. 2014–15లో చెల్లింపులు ఆగిపోయాయి. ముప్పై లక్షలకు పైగా జనం చిక్కుకున్నారు. మన రాష్ట్ర ప్రభుత్వం 2019లో పది వేల లోపు వారికి, 2021లో ఇరవై వేల లోపు వారికి చెల్లించింది. బాండు మీద శాతం పెద్దగానే ఉన్నది. కట్ట ఎక్కి చూసినవారే లేరు.

కనుక ఆ బెంగుళూరు అబ్బాయికి మా సలహా ఇది. నాయనా, అమ్మ బర్రె జోలికి రావద్దు. నీకు జీతమున్నది, వయసున్నది. నెలకు అయిదు వందలో వెయ్యో, పదేళ్ల వరకు అక్కరలేదనుకున్నది నీ జీతంలోంచి పెట్టు. అప్పు తెచ్చి పెట్టవద్దు. ఒకే కంపెనీ పట్టుకోకుండా పలు కంపెనీలున్న నిధి చూసుకో. వచ్చిన కొద్దిపాటి డివిడెండును సినిమాకు ఖర్చు చేయకుండా మళ్లీ అందులోనే వెయ్యి, పెయ్యదూడను పెంచినట్టు. డీమ్యాట్ ఖాతా తీసేటప్పుడు ఏటా ఎంత రుసుము అని అడుగు. ఏడాదికి వంద రూపాయల డివిడెండుకు మూడు వందల రుసుము కట్టేవారిని చూశాము. 2024 సెప్టెంబరు నుండి సెబీ నాలుగు లక్షల లోపు విలువగల ప్రాథమిక ఖాతాకు ఏటా రుసుము లేకుండా చేసింది. తీసినది ఆ ఖాతాయేనా అని నోరు తెరిచి అడగాలి. పన్ను గురించి ఎక్కువ భయపడనక్కరలేదు. ఒక కంపెనీ నుండి ఏడాదికి పది వేలు దాటేదాకా డివిడెండులో ముందుగా పన్ను కోయరాదని 2025 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది.

చివరగా మా తనిఖీలో పదేపదే కనిపించే విషయం ఒకటి. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండును, దానితోపాటు ఆ వాటాలను కూడా కంపెనీలు కేంద్ర ప్రభుత్వ మదుపరుల నిధికి బదిలీ చేయాలి. రుజువులు చూపి తిరిగి తెచ్చుకోవచ్చు గాని తిరగలేక చేతులెత్తేసేవారే ఎక్కువ. అదేదో పట్నం వారి సంగతి అనుకోకండి. మన వాటాల రిజిస్టరు తెరిస్తే చనిపోయి పదేళ్లయినవారు కూడా సభ్యులుగానే ఉన్నారు. వారసుల గడి ఖాళీ. పాలు పోసేది కోడలు, సభ్యత్వం మామగారి పేరున. బోనసు పంచే రోజున తగాదా. మన జిల్లా పాల సంఘం ఒక చట్టం నుండి మరొక చట్టానికి, తర్వాత కంపెనీగా మారిన కాలంలో, తమ వాటా ఎంత, అది ఎక్కడున్నదని అడగడానికి చేతిలో చీటీ కూడా లేనివారు ఎందరో. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని మేము ఈ వేదిక మీద తేల్చబోవడం లేదు. చీటీ ఉన్నవాడి ప్రశ్నకు ఉండే బలం లేనివాడి ప్రశ్నకు ఉండదని మాత్రం మా అనుభవం.

ఈ వారం మేము మళ్లీ ఆ సభ్యురాలి ఊరికి వెళ్లి ఈ లెక్క కాగితం ఆమెకు చదివి వినిపించాము. చూడి బర్రె ఈనేదాకా ఏదీ అమ్మనన్నది. ఈనిన తర్వాత పాతదాన్ని అమ్మి పోస్టాఫీసులో వేస్తానన్నది. తన వాటాకు వారసురాలిగా చిన్నకూతురు పేరు రాయించింది. కొడుకు పేరెందుకు రాయించలేదని కార్యదర్శి అడిగితే, "వాడికి షేర్లున్నాయి గదా" అన్నది.

వచ్చిన సంఘాలన్నింటి వాటాల రిజిస్టర్లు అదుగో ఆ బల్ల మీద పెట్టించాము. భోజనాల తర్వాత సాయంత్రం పాలవేళ దాకా అక్కడే ఉంటాము. తండ్రుల పేర్లు, అత్తమామల పేర్లు ఇంకా మారనివారు ముందుగా రండి. మరణ ధ్రువపత్రం నకలు తెచ్చినవారికి ఫారం ఇక్కడే నింపి ఇస్తాము.